ఎర్ర మచ్చ సన్నికల్లు

అనగనగా ఒక రాజు. పేరు రణమల్లుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి తిప్పుతాడు, రెండోవాడు గుర్రమెక్కుతాడు, మూడోవాడు పినమల్లుడు పచ్చడి నూరుతాడు. నూరిందంతా తనే తింటాడు.

ఏడు సముద్రాల అవతలుండే శిలాదంష్ట్రుడనే మాంత్రికుడు పొరుగు రాజు కూతురు కలువరాణిని ఎత్తుకుపోయాడు. పెద్దవాడు విడిపించబోయి, వాడి మంత్రానికి ఆ ఒడ్డునే రాయైపోయాడు. రెండోవాడూ వెళ్లాడు, వాడూ రాయైపోయాడు. అలల తాకిడికి ఇద్దరి ముక్కులూ అరుగుతున్నాయని, పూర్తిగా ఇసుకైతే ఇక మనుషులు కాలేరని కబురొచ్చింది.

"నావల్ల అవుతుందని కాదమ్మా. ఇంట్లో ఇంకా రాయి కాకుండా మిగిలింది నేనొక్కణ్ణే, అందుకని వెళ్తున్నా" అన్నాడు పినమల్లుడు.

తల్లి చద్దిమూట కట్టింది. పచ్చడి లేనిదే ముద్ద దిగదు గనక సన్నికల్లూ పొత్రమూ, ఓ మూటెడు ఎండుమిరపకాయలూ నెత్తికెత్తుకున్నాడు. యుద్ధానికి వంటిల్లు మోసుకుపోతున్నాడని ఊరంతా నవ్వింది.

మాంత్రికుడి గుట్టు అందరికీ తెలుసు. వాడే చాటుకున్నాడు. చిలకలో దాస్తే చిలకతోనే పోతుందని, తన ప్రాణాన్ని అగ్నికొండ శిఖరాన నల్లరాతిలో ఎర్ర మచ్చగా దాచానని, రాయికి చావెక్కడిదని వాడి ధీమా.

పినమల్లుడు అగ్నికొండ ఎక్కాడు. శిఖరం లేదు, ముసలి గద్ద ఉంది. ముద్ద పెడితే చెప్పింది. కొండ కడుపులోంచి నిప్పై పొంగి, చల్లారి గట్టిపడ్డ రాయట అది. ఎండా వానా కలిసి పగలగొడితే ఏరు పట్టుకుపోయిందట.

ఏట్లో తాబేలుకి ముద్ద పెట్టాడు. రాయి దొర్లి దొర్లి గుండ్రాయై, గుండ్రాయి ఇసుకైందని, లోయలు తవ్వుకుంటూ ఏరు దాన్ని సముద్రంలో పోసిందని, ఎర్ర రేణువు మాత్రం చెరగలేదని తాబేలు చెప్పింది.

సముద్రంలో తిమింగలానికి మిగతా చద్దంతా పెట్టాడు. ఇసుక మీద ఇసుక పేరుకుని, ఆ బరువుకి అణిగి మళ్లీ రాయైందట. భూమి లోపలి వేడికి ఉడికి ఇంకా గట్టిపడిందట. భూమి ఒళ్లు విరుచుకుంటే పైకి లేచి కొండైందట.

"ఏ కొండ?" అన్నాడు పినమల్లుడు.

"మీ ఊరి వెనకాలదే నాయనా. సన్నికళ్లు కొట్టుకుంటారే, అది."

పినమల్లుడు నెత్తిన ఉన్నది దించి చూశాడు. తల్లి మిరపకాయ మరకనుకుని ఎన్నాళ్లు తోమినా పోని మచ్చ ఎర్రగా మెరిసింది.

తిమింగలం వీపెక్కి మాంత్రికుడి ఒడ్డున దిగి, అన్నల పక్కనే కూర్చుని, గుప్పెడు మిరపకాయలు వేసి నూరడం మొదలెట్టాడు. శిలాదంష్ట్రుడు కడుపు పట్టుకుని, కళ్లనీళ్లతో పరుగెత్తుకొచ్చాడు. ఏళ్లుగా తనకు పొద్దున్నే కడుపుమంటట. కారం మానేసి పెరుగన్నం తిన్నా తగ్గలేదట.

"చంపెయ్ నాయనా, నూరకు" అన్నాడు.

"చంపి లాభం లేదు మామా. నలగ్గొడితే ఇసుకవుతావు, ఇసుక మళ్లీ రాయవుతుంది. రోజూ నూరడం మాత్రం నా చేతిలో ఉంది. మిరపకాయలింకా బోలెడున్నాయి."

మాంత్రికుడు వణుక్కుంటూ మంత్రం వెనక్కి తీసుకున్నాడు. అన్నలు లేచి ముక్కులు తడుముకున్నారు. పెద్దవాడిది కాస్త చప్పిడిగా మిగిలింది. చెరలోంచి వచ్చిన కలువరాణి సన్నికల్లు మీది పచ్చడి వేలితో నాకి, ఉప్పు తక్కువైందంది. నిజమేనన్నాడు పినమల్లుడు. అలా ఒప్పుకున్న మగవాణ్ణి మొదటిసారి చూసి, అతన్నే పెళ్లాడతానంది.

పెళ్లిలో ఆనవాయితీగా వరుడు వధువు పాదం పట్టి సన్నికల్లు తొక్కించాడు. ఏడు సముద్రాల అవతల ఎవరో "అమ్మో" అన్నారు. ఆ ఒక్క పూటకే. మాంత్రికుడు బుద్ధిగా ఉన్నన్నాళ్లూ మిరపకాయలు వేరే రాతి మీద నూరేవారు.

వాళ్లు పిల్లాపాపలతో కలకాలం ఏలారు. ఆ ఊరి కొండ మళ్లీ ఇసుకై, ఆ ఇసుక మళ్లీ కొండయ్యేదాకా ఈ కథ చెప్పుకుంటూనే ఉంటారట.