నక్క ముంచిన పడవ

గోదావరి నడుమ ఓ చిన్న లంక. దాని మీద మనుషులు లేరు గానీ మాటలకేం కొదవలేదు. మేకలు, కోళ్ళు, పిట్టలు, వీటన్నిటి మంచీచెడ్డా తనకే కావాలన్నట్టు తిరిగే ఒక నక్క. ఏరు పొంగిందంటే లంక మునిగిపోతుంది. అప్పుడు అందరికీ ఒకటే దిక్కు, నల్లమ్మ మేక ఇంట్లోని తెరచాప పడవ. ఆమె పెనిమిటి ఎంకన్న బతికున్నన్నాళ్ళూ అందర్నీ దాంట్లోనే గట్టుకి చేర్చేవాడు. ఆయన పోయాక ఏళ్ళ తరబడి వానలు మొహం చాటేశాయి. పడవ తాటాకుల పాకలో బోర్లా పడి ఉండిపోయింది.

ఈ ఏడు ఎగువన మబ్బులు కమ్ముకున్నాయి. లంకంతా పాక ముందు చేరింది. కోడి పైడితల్లి పిల్లల్ని రెక్కల కింద పొదువుకుని వచ్చింది.

వడ్రంగిపిట్ట సింహాచలం పలకలన్నీ ముక్కుతో కొట్టి చూశాడు. "చెక్క మోగుతోందక్కా, గట్టిదే. చుక్కాని పక్కది ఒకటే మెత్తబడింది. మార్చేస్తాలే. తెరచాపని మాత్రం ఎలకలు కొరికేశాయి."

"దాన్ని మాకొదిలెయ్యండి," అన్నాయి గిజిగాళ్ళు.

నల్లమ్మకి కళ్ళు చెమర్చాయి. ఆయన లేకపోయినా ఇంతమంది ఉన్నారు కదా అనుకుంది.

అంతలో నక్క గవరయ్య తోక ఊపుకుంటూ వచ్చాడు. "ముక్కుతో కొడితే ఏం తెలుస్తుందయ్యా? నీళ్ళలో దింపండి, అసలు సంగతి బయటపడుద్ది."

సింహాచలం మెత్తబడ్డ పలక మార్చాక దింపారు. పలకల సందుల్లోంచి నీళ్ళు బుడబుడా లోపలికొచ్చేశాయి. పైడితల్లి గొల్లుమంది.

"చూశారా, జల్లెడ!" అన్నాడు గవరయ్య. "నాకిచ్చెయ్యండి, నా తిప్పలేవో పడి బాగుచేసుకుంటా. వరదొచ్చినప్పుడు మిమ్మల్ని దాటించే పూచీ నాది. ఊరికే కాదులే. రోజుకో కోడిపిల్లని నా కాపలాలో వదిలితే చాలు."

కోడిపిల్లలు తల్లి రెక్కల్లోకి మరింత దూరాయి. అప్పుడే నల్లమ్మకి ఎంకన్న ఏటా వేసవి చివర చేసే పని గుర్తొచ్చింది.

"సరే బావా," అంది నెమ్మదిగా. "దాన్ని లంక పక్క కాలవలో అడుగంటా ముంచి ఓ వారం ఉంచుదాం. పైకి తీశాక కారితే నీది. కారకపోతే లంకది. ఒప్పుకుంటావా?"

గవరయ్యకి నవ్వాగలేదు. పైన తేలుతూనే ఇంత కారింది, వారం నానితే కుళ్ళి ఊరుకుంటుంది! "ఒప్పుకోకేం? నేనే ముంచుతా. మీ చేతుల్లో పెడితే మోసం చేస్తారు."

ఒళ్ళు హూనమయ్యేలా బండరాళ్ళు మోశాడు. పడవ నిండా పేర్చాడు. అది తేలకుండా వారమంతా ఒడ్డునే కాపలా కాశాడు. ఒక రాయి పక్కకి దొర్లితే దూకి మరీ సర్దాడు.

వారం గడిచాక రాళ్ళు తీసి, నీళ్ళు తోడి, పడవని తేల్చారు. లోపలికి ఒక్క చుక్క రాలేదు.

"ఇదేం మాయ!" అన్నాడు గవరయ్య.

"మాయేం లేదు బావా. ఎండిపోయి చెక్క ముడుచుకుపోతే సందులు పడతాయి. బాగా నానితే ఉబ్బి మళ్ళీ బిగుసుకుంటుంది. మా ఆయన ఏటా ఇలాగే ముంచేవాడు. ఆ రాళ్ళు మోసే ఓపిక ఇప్పుడు నాకెక్కడిది? దేవుడల్లే నువ్వొచ్చావు."

ఆ రాత్రే ఏరు పొంగింది. తెల్లారేసరికి గిజిగాళ్ళు అల్లిన తెరచాప గాలికి నిండుగా విచ్చుకుంది. అందరూ ఎక్కారు. తడిసి ముద్దయి లంక ఒడ్డున నిలబడ్డ గవరయ్యని కూడా నల్లమ్మే పిలిచింది. "రా బావా, నువ్వు బతికించిన పడవే కదా ఇది."

"నీ రుణం తీర్చుకోలేం అన్నయ్యా," అంది పైడితల్లి. మనసారానే అంది. దారి పొడుగునా ఎక్కినవాళ్ళందరూ అతనికి దండాలు పెడుతూనే ఉన్నారు. పాపం, అన్ని దండాల మధ్య నోరు తెరిచే వీలేదీ? కోడిపిల్లలేమో అతని తోక మీదే వెచ్చగా నిద్రపోయాయి. గవరయ్య గుటకలు మింగుతూ ఆకాశంకేసి చూస్తూ కూర్చున్నాడు.

నల్లమ్మ పడవ అంచు నిమిరి, "నీ చలవేనయ్యా," అని ఎంకన్నని తలుచుకుంది.

అందుకే, ఏళ్ళ తరబడి ఎండినదాన్ని పనికిరాదని పారేసే ముందు, దానికి కాసిన్ని నీళ్ళు తాగేంత గడువివ్వాలి.