నడుస్తున్న రోలరు

పదిహేను రోజులుగా మల్లారికి అన్నం సయించడం లేదు. ముద్ద కలుపుకుంటాడు, కలిపిన చేతినే చూస్తూ కూర్చుంటాడు. భార్య అడిగితే ఏమీ లేదంటాడు.

అతను పనిచేసేది గిన్నెలకు అల్యూమినియం రేకు తీసే షెడ్డులో. రెండు లావుపాటి ఉక్కు రోలర్లు ఒకదాని మీద ఒకటి తిరుగుతుంటాయి. వాటి మధ్యకు మందపాటి బిళ్ల తోస్తే అవతల నుంచి పల్చటి రేకై వస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆ మిషను మల్లారి చేతిలోనే ఉంది. పక్క షిఫ్టు ఎంత తీసినా మల్లారి షిఫ్టు అంతకు మించి తీసేది. మిషను ఆపకుండా నడిపే మొనగాడని పేరు పడిపోయింది. ఆ పేరంటే అతనికీ ఇష్టమే.

పదిహేను రోజుల కిందట అదే మిషనులో తోటి పనివాడు నర్సయ్య చెయ్యి పడింది. రోలరుకు పట్టిన మసిని గుడ్డతో తుడుస్తుంటే, గుడ్డను లాక్కున్న రోలరు చేతిని కూడా లాక్కుంది. కేక పూర్తిగా వినపడకముందే మల్లారి ఎర్ర బటను కొట్టాడు. అయినా నాలుగు వేళ్లు పోయాయి.

అందరూ మల్లారినే మెచ్చుకున్నారు. నువ్వు గనక లేకుంటే భుజం దాకా పోయేదన్నారు. నర్సయ్య అజాగ్రత్త వల్లనే ఇలా జరిగిందని ఆఫీసులో కాగితం రాశారు. సాక్షిగా మల్లారి సంతకం పెట్టాడు.

చివరికి ఒక ఆదివారం అతను దస్తగిరి ఉస్తాద్ ఇంటికి పోయాడు. తనకు మిషను పని నేర్పిన గురువు ఆయన. పని మానేసి చాలా ఏళ్లయింది, చూపు బాగా తగ్గింది. గడప దగ్గర చాట ముందేసుకుని జొన్నల్లో రాళ్లేరుతున్నాడు, కళ్లతో కాదు, వేళ్లతో.

మల్లారి జరిగింది చెప్పుకొచ్చాడు. బటను ఎంత తొందరగా కొట్టాడో రెండుసార్లు చెప్పాడు. ఉస్తాద్ ఏరుతూనే విన్నాడు.

"తప్పెవరిది ఉస్తాద్? నాదా, వానిదా?"

ఉస్తాద్ చాటను పక్కకు జరిపాడు. రేపు పొద్దున్నే, పని మొదలుకాక ముందు షెడ్డుకు వస్తానని, తనను మిషను దాకా తీసుకుపొమ్మని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వాచ్‌మన్ గేటు తీసేసరికే ఆయన చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. మల్లారి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. ఇంకెవరూ రాలేదు.

"నడుపు," అన్నాడు ఉస్తాద్.

మల్లారి స్విచ్చి వేశాడు. ఉస్తాద్ తల వంచి కాసేపు ఆ చప్పుడు విన్నాడు. తర్వాత ఆపమన్నాడు. రోలర్లు మరో చుట్టు తిరిగి ఆగాయి. మెయిన్ స్విచ్చి కూడా తీసెయ్యమన్నాడు. భుజం మీది తెల్ల తువ్వాలు తీసి మల్లారి చేతిలో పెట్టాడు.

"తుడువు."

ఎందుకో మల్లారికి తోచలేదు. అయినా గురువు మాట. కదలకుండా ఉన్న రోలరును ఈ కొస నుంచి ఆ కొసకు తుడిచాడు. కడ్డీ పెట్టి కొంచెం తిప్పుకుంటూ అవతలి వైపూ తుడిచాడు. పైది అయింది, కిందిదీ అయింది. తువ్వాలు నల్లబడింది.

"అయిపోయింది ఉస్తాద్."

"ఇంతసేపే గద, బేటా," అన్నాడు ముసలాయన.

మల్లారి తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆనాడు నర్సయ్య, ఒక్కసారి మిషను ఆపు అన్నా, తుడుస్తానని అడిగాడు. ఆపితే రేకులు తగ్గుతాయి, నడుస్తుండగానే తుడువమని తనే అన్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, నిన్న ఉస్తాద్‌కు కూడా.

ఉస్తాద్ కర్రతో తడుముకుంటూ గేటు వైపు నడిచాడు.

ఆ రోజు మల్లారి మిషను ముట్టలేదు. ఆఫీసు తెరిచేదాకా కాచుకుని, తాను సంతకం చేసిన కాగితం అడిగాడు. మేనేజరు ముందు నచ్చజెప్పాడు, తర్వాత పని పోతుందని బెదిరించాడు. మల్లారి వాదించలేదు. జరిగింది జరిగినట్టు వేరే కాగితం మీద రాసి, కింద సంతకం చేసి, ఆయన బల్ల మీద పెట్టి బయటికొచ్చాడు.

అక్కడి నుంచి బస్సెక్కి ఆసుపత్రికి పోయాడు. నర్సయ్య కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని పడుకున్నాడు. మల్లారి మంచం పక్కన నిలబడ్డాడు.

"నువ్వు ఆపమన్నవు నర్సయ్యా. నేనే ఆపలె."

నర్సయ్య గోడ వైపు తిరిగాడు. మల్లారి కదలలేదు.

చివరికి నర్సయ్య, మొహం ఇటు తిప్పకుండానే, మంచం అంచున మనిషి కూర్చునేంత చోటు విడిచి, కొంచెం పక్కకు జరిగాడు.