బావమరిది దవడపన్ను

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. మీ తాతల తాతలకి పాలపళ్లు రాకముందు, కుందనగిరిని ఒక రాజు ఏలేవాడు. ఆయనకి రత్నవల్లి అని ఒక కూతురు. ఆమె మేడ మీదికొస్తే సూర్యుడు సిగ్గుపడి మబ్బు చాటుకి పోయేవాడు. ఆమె పుణ్యమా అని కుందనగిరిలో బట్టలు ఆరేవి కావంటే నమ్మండి!

ఆమెకి చిట్టిమల్లుడని నాలుగేళ్ల తమ్ముడు. వాడు పళ్లు తోమనిచ్చేవాడు కాదు. వేపపుల్ల కనిపిస్తే చాలు, పెదాలు కోటతలుపుల్లా మూసేవాడు. దాదులు అలిసిపోయారు. రాణి అలిసిపోయింది. చివరికి రాజుగారు కూడా "రేపు చూద్దాంలే" అని ముసుగు తన్నేవారు.

రత్నవల్లికి జయకేతుడనే రాజకుమారుడితో పెళ్లి కుదిరింది. పీటల మీద జీలకర్రా బెల్లం పెట్టబోతుంటే పందిట్లోకి ఒక గడ్డం వచ్చింది. అర జాము తరవాత ఆ గడ్డంగల మాంత్రికుడు గండకేశుడు వచ్చాడు.

"పిల్లని నాకివ్వండి" అన్నాడు.

"నీ గడ్డం దువ్వడానికే నా ఆయుష్షు చాలదు. పో!" అంది రత్నవల్లి.

వాడికి రోషమొచ్చి మంత్రం వేశాడు. ఆమె పాదాలు రాయైపోయాయి.

"ఈ రాయి రోజూ పైకి పాకుతుంది. నా ప్రాణం పోతే తప్ప దిగదు. నా ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. చేతనైతే పట్టండి!" అన్నాడు. పోతూ పోతూ, ఏడుస్తున్న చిట్టిమల్లుడి నోట్లో ఒక నువ్వులజీడి పెట్టి పోయాడు.

జయకేతుడు మీసం తిప్పి బయల్దేరాడు. ఒక సముద్రం ఈదాడు. రెండు ఈదాడు. మూడు ఈదేసరికి రెక్కలు పడిపోయాయి. అప్పుడొక మొసలి జాలిపడి వీపెక్కించుకుంది. దాని తోక ఒక సముద్రంలో ఉంటే తల ఇంకో సముద్రంలో ఉండేది. దాని నోట్లో ఒక పిట్ట దర్జాగా తిరుగుతూ పళ్ల సందులు శుభ్రం చేస్తోంది.

"దాన్ని మింగవా మొసలక్కా?"

"ఎలా మింగుతాను నాయనా? మొదట్లో నేనూ నోరు తెరిచేదాన్ని కాదు. 'ముందు నా రెక్కలు నువ్వు కడుగు, తరవాత నీ పళ్లు నేను కడుగుతా' అంది ఈ గడుసుది. వంతన్నాక కాదనలేం కదా!"

ఏడు సముద్రాలూ దాటి, జయకేతుడు చిలకని పట్టాడు. చిలక విసుగ్గా ఆవలించింది.

"నా మెడ వదులు బాబూ. చిలకల్ని పిసికేవాళ్లు ఎక్కువైపోయారని వాడు ప్రాణం చోటు మార్చేశాడు. ఎవరూ చెయ్యి పెట్టలేని చోట దాచాడు. నీ బావమరిది దవడపన్ను వెనక! జీడిలో పెట్టి తినిపించాడు. రోజూ తోమితే అరుగుతుంది. ఒక్క పూట మానితే మళ్లీ పెరుగుతుంది."

మీసం తిప్పి వెళ్లినవాడు మీసం మోయలేక తిరిగొచ్చాడు. రాయి రత్నవల్లి గుండెలదాకా వచ్చింది.

"త్వరగా కానివ్వండి. మెడ దాటితే మిమ్మల్ని తిట్టడానికి కూడా నాకు నోరుండదు" అంది.

జయకేతుడు మొదట వస్తాదులతో పట్టించాడు. ఏనుగుని ఎత్తి పక్కన పెట్టే వస్తాదు, చిట్టిమల్లుడు వేలు కొరికితే సాయంత్రందాకా ఏడ్చాడు. రెండోసారి లడ్డు ఆశ చూపించాడు. వాడు లడ్డు తిని నోరు మూశాడు. మూడోసారి భయపెట్టాడు.

"పళ్లలో పురుగులు పడతాయిరా!"

"నిజంగానా బావా? అయితే పెంచుకుంటా!"

మర్నాటికి రాయి మెడదాకా వచ్చింది. జయకేతుడు పెరట్లో బావి గట్టు మీద కూలబడ్డాడు. చేతిలో వేపపుల్ల ఉంది. దాన్ని తన నోటిదాకా ఎత్తే ఓపిక కూడా లేదు. దిగులుగా చూస్తున్న చిట్టిమల్లుణ్ణి చూశాక మొసలి మాట గుర్తొచ్చింది.

"మల్లూ, నా చెయ్యి లేవట్లేదురా. నా పళ్లు నువ్వే తోము. తరవాత నీ వంతు."

"నేనా? నీకా?" వాడి కళ్లు ఉసిరికాయలంతయ్యాయి. పుల్ల లాక్కున్నాడు. "నోరు తెరువు! ఇంకా తెరువు! కదలకు, మా బంగారు బావ కదూ! ఛీ, రాత్రి ఏం తిన్నావు?" అని అచ్చం దాదుల్లాగే గదమాయిస్తూ చిగుళ్లు హూనం చేశాడు.

జయకేతుడు కిక్కురుమనకుండా భరించాడు. తరవాత ఇంకో లేతపుల్ల నమిలి, కొస మెత్తగా కుంచెలా చేశాడు. చిట్టిమల్లుడు కాసేపు ఆలోచించి, వంతు వంతే కదా అని నోరు తెరిచాడు.

దవడపన్ను వెనక ఆవగింజంత నల్లమచ్చ! పుల్ల తగలగానే ఎక్కడో గండకేశుడు పెట్టిన కేకకి ఏడు కొండలు చెవులు మూసుకున్నాయి. రాయి రత్నవల్లి భుజాలకి దిగింది.

మర్నాడు అలిసిన జయకేతుడు నిద్రలేవలేదు. రాయి మళ్లీ పైకెక్కింది. "మల్లూ!" అని అక్క అరిచింది. వాడు రెండు పుల్లలు పట్టుకుని పరుగెత్తాడు.

"బావా, లే! అక్క మళ్లీ రాయైపోతోంది! తెరువు నోరు!"

ఇక ఆ రోజునుంచి ఎవరూ పిలవక్కర్లేదు. వాడే లేచేవాడు. వాడే లేపేవాడు. రాయి నడుముకి దిగింది. మోకాళ్లకి దిగింది. ఒక పొద్దున వాడు పుక్కిలించి ఉమ్మితే ఆ మచ్చ ఊడి కాలవలో పడింది. గండకేశుడు కూలిపోయాడు, రత్నవల్లి పాదాలు కూడా రాయి వదిలి కదిలాయి. వాడి గడ్డంతో పేనిన మోకులు చుట్టుపక్కల రాజ్యాలన్నిటికీ సరిపోయాయి.

ఆగిన పెళ్లి ఆ పీటల మీదే జరిగింది. జయకేతుడు ఏళ్ల తరబడి రాజ్యమేలాడు. ముసలితనంలో కూడా బావా బావమరుదులు చెరుకుగడలు పళ్లతోనే చీల్చేవారు. అన్ని భోగాలూ అనుభవించాడు గాని, పొద్దెక్కేదాకా పడుకునే భోగం మాత్రం పాపం ఆ మహారాజుకి ఒక్కనాడూ దక్కలేదు. తెల్లారితే చాలు, తలుపు దబదబమనేది:

"బావా, తెరువు నోరు!"