విశ్వంభరశాస్త్రి కాచిన కషాయం

రేకులకోట రాజు కుమారభూపతికి పదకొండు రోజులుగా ఆకలి లేదు. పన్నెండో రోజున ఆకలికి బదులు కోపం వచ్చింది.

"నాకు అన్నం మీద ఆశ పుట్టించినవాళ్ళు ఏది అడిగితే అది ఇస్తాను" అన్నాడు.

మాట నోట్లోంచి పడీ పడకముందే ఆస్థాన పండితుడు విశ్వంభరశాస్త్రి ముందుకొచ్చాడు. ఆయన ఏడాదిపాటు కోయగూడేలు తిరిగి, కొండవాళ్ళ వైద్యమంతా మూడు వందల తాటాకుల మీద రాశాడు. ఆ కట్టని పట్టుగుడ్డలో చుట్టి చంటిపిల్లలా ఎత్తుకు తిరుగుతున్నాడు.

"ఆకలి పుట్టించే కషాయం ఇందులో ఉంది ప్రభూ. గుణం కనిపిస్తే నాకొక్క రాజముద్ర చాలు. ఇకమీదట కొండమీద మందు ఇవ్వాలంటే ఈ గ్రంథం చదివినవాళ్ళే ఇవ్వాలి."

కొండమీద చదువొచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఆయనకి ఆ మందులన్నీ చెప్పిన కోయ ముసలమ్మ దేవెమ్మని సాక్ష్యానికి పిలిపించారు. రాజుగారి ఎదుటే, సభికులంతా చూస్తుండగా పెరట్లో పొయ్యి పెట్టారు. పండితుడు వేరూ, బెరడూ, ఆకూ ఒకేసారి కుండలో పడేసి, కుతకుతా మరిగించాడు.

దేవెమ్మ ఓ మూల నిలబడి, పొయ్యికేసి చూస్తూ గొంతులోనే ఏదో పాడుకుంటోంది. రాజుకి గొడుగు పట్టే నాగులు చెవిన ఆ పాట పడింది. అంతే, వాడు ఎక్కడికో వెళ్ళిపోయాడు. పచ్చటి కొండలు, చల్లటి వాగులు, నీళ్ళల్లో పాదాలు తడుపుకుంటూ నడిచే ఓ పిల్ల...

"ఒరే నాగులూ, ఎండ నా నెత్తిమీదుందిరా" అన్నాడు రాజు.

కషాయం వచ్చింది. రాజు గడగడా తాగాడు. మీసం మూడుసార్లు అదిరింది. లేచి, గబగబా పూలమొక్కల చాటుకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆకలి ఇంకా పుట్టలేదు, కోపం మాత్రం రెట్టింపయింది.

"ఈవిడ నా దగ్గర ఏదో దాచింది ప్రభూ!" అన్నాడు పండితుడు.

"నేనేం దాచలే దొరా. మా అత్త నాకెట్టా చెప్పిందో అట్టానే చెప్పినా" అంది దేవెమ్మ.

"పొద్దు వాలేలోగా దాచిందేదో బయటపెట్టు. లేదంటే ఇక నీ చేత్తో ఎవరికీ మందివ్వడానికి వీల్లేదు" అన్నాడు రాజు.

గూడెంలో ఇద్దరు బాలింతలనీ, జ్వరంతో మూలుగుతున్న కోడలినీ వదిలి వచ్చింది దేవెమ్మ. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి నాగులు గుండె చెరువైపోయింది. గొడుగు మడిచాడు.

"ప్రభూ, శాస్త్రులవారిది జాలిగుండె. అవ్వ పాడిన పనికిరాని పాటలు కూడా గ్రంథంలో ఎక్కించేసి ఉంటారు. అందుకే మందు చెడింది."

పండితుడు భగ్గుమన్నాడు. "నేనా? పాటలా? మందు పేరెత్తితే చాలు, ఈవిడ పాట ఎత్తుకుంటుంది! ఎవత్తో పిల్ల మూడు వాగులు దాటి మొగుడికి అన్నం పట్టుకెళ్తుందట! వైద్యంలో దానికేం పనిరా? గంటం పక్కన పెట్టి కునుకు తీశాను."

"ఒక్క చరణమైనా ఎక్కలేదంటారా?"

"ఒక్క అక్షరం ఎక్కలేదు. సరస్వతి మీద ఒట్టు!"

నాగులు రాజుకి దండం పెట్టాడు.

"ప్రభూ, దాచింది దొరికింది. దాచినవారు ఒట్టేసి మరీ ఒప్పుకున్నారు."

సభికులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాగులు ముసలమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా, వేరు ఎంతసేపు ఉడకాలి?"

"పిల్ల మొదటి వాగు దాటేదాకా."

"బెరడు ఎప్పుడెయ్యాలి?"

"రెండో వాగు కాడ అది కాళ్ళు కడుక్కునేటప్పుడు. మూడో వాగు దాటినాక ఆకు. మొగుడు కనబడంగానే కుండ దించెయ్యాల. ఆలస్యమైతే మాడి విషమైపోద్ది. ఈ అయ్యకి అంతా పాడినా. అయ్య గురక పెట్టినాడు."

మళ్ళీ పొయ్యి వెలిగించారు. దేవెమ్మ గొంతెత్తి పాడుతూ ఒక్కో దినుసే వేసింది. పాటలో పిల్ల మొగుణ్ణి చేరేసరికి కుండ దిగింది. రాజు తాగాడు. ఈసారి మీసం అదరలేదు. చేత్తో మూతి తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"అవ్వా, ఆ పిల్ల మొగుడికి ఏం కూర పట్టుకెళ్ళింది?"

"వెదురు చిగుళ్ళ కూర దొరా."

"అది నాకూ వండించండి!"

సభ గొల్లున నవ్వింది. రాజు చేతి కడియం తీసి నాగులుకి తొడిగాడు. కొండమీద దేవెమ్మ మందుకి ఎవరూ అడ్డు చెప్పకూడదని ముద్ర వేశాడు. గ్రంథం మీద ముందు ఆమె పేరు రాయాలన్నాడు. పండితుడు గూడేనికి తిరిగెళ్ళి ప్రతి పాటా నేర్చుకురావాలి, మొదటిది ఇప్పుడే అందుకోవాలి.

పండితుడు గొంతు సవరించుకుని రాగం తీశాడు.

"ఆగయ్యా" అంది దేవెమ్మ, కొంగుతో పట్టుకుని కుండ మీద మూత పెడుతూ. "ఇంకా మందు మిగిలుంది, నీ రాగానికి చెడిపోద్ది. ఇప్పుడు పాడు."