హైమావతి గెలిచిన పసుపు బెల్టు

చిన్నంనాయుడి ఇంట్లో తెలివి ఎక్కువైపోయి, వాడగా మిగిలింది అటకెక్కించాల్సి వచ్చేది. ఈ మాట ఊరివాళ్ళది కాదులెండి, చిన్నంనాయుడిదే. "చెప్పింది చెప్పినట్టు చేస్తాం మేం. మిగతా జనం ఒకటి వింటారు, ఇంకోటి చేస్తారు. అందుకే బాగుపడరు" అని టీకొట్టు దగ్గర రోజూ అనేవాడు. పెళ్ళాం ఎర్రయ్యమ్మ అవునంటే తల్లి పోలమ్మ ఔనవునంటుంది. ఇంకేముంది, ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు పోట్లాడుకున్న రోజే లేదు.

వాళ్ళకి తొమ్మిదేళ్ళ కూతురు, హైమావతి. రెండు వీధుల అవతల రేకుల షెడ్డులో దేముడు మాస్టారు పిల్లలకి జూడో నేర్పుతాడని తెలిసి చేర్పించారు. అక్కడ గోడకి మేకులు కొట్టి రంగురంగుల బెల్టులు వేలాడదీశారు. వాటిలో పసుపు బెల్టు మీద పిల్ల కన్ను పడింది. అంతే! అన్నం తింటున్నా బెల్టే, జడ వేయించుకుంటున్నా బెల్టే.

మొదటిరోజే మాస్టారు చెప్పాడు. "జూడోలో ముందు నేర్చుకోవాల్సింది పడటం. దెబ్బ తగలకుండా పడటం వస్తే సగం ఆట వచ్చినట్టే. ఇంట్లో మీరంతా పిల్లకి తోడుండాలి."

"మేం తోడుండకపోతే ఇంకెవరుంటారు మాస్టారూ!" అన్నాడు చిన్నంనాయుడు.

ఇంకేముంది, ఆ సాయంత్రం నుంచి ఇల్లంతా పడటమే. హైమ మంచం మీంచి పడితే వెనకాలే చిన్నంనాయుడు పడేవాడు. ఎర్రయ్యమ్మ కూరల బుట్టతో గుమ్మంలో పడి, "చూశారా, ఒక్క వంకాయ నలగలేదు" అని మురిసిపోయింది. పోలమ్మ అరుగు మీంచి పడబోయి పాలాయన మీద పడింది. పాలు పోయాయి, పాలాయన నడుమూ పోయింది.

"దెబ్బ తగిలిందా అమ్మా?"

"నాకేం తగల్లేదురా, ఆయనకి తగిలింది."

"అయితే నీకు సగం ఆట వచ్చేసినట్టే!"

మూడు నెలలకి మాస్టారు కబురు పెట్టాడు. ఆదివారంనాడు హైమకీ, మందులషాపు కామేశ్వరరావు గారి అమ్మాయి లాస్యకీ పోటీ. గెలిచినవాళ్ళకి పసుపు బెల్టు. ఓడినవాళ్ళు మళ్ళీ ఏడాది ఆగాలి. ఏడాది అనేసరికి హైమకి ముద్ద దిగలేదు.

"నాన్నా, లాస్య బలంగా ఉంటుంది. నేను ఓడిపోతానేమో" అంది కళ్ళనీళ్ళు పెట్టుకుని. చిన్నంనాయుడి ప్రాణం గిలగిల్లాడిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా మాస్టారి దగ్గరికి పరుగెత్తాడు.

"మా పిల్ల పీలగా ఉంది. ఏటి పెట్టమంటారు మాస్టారూ?"

మాస్టారు నవ్వాడు. "జూడోకి మన బలంతో పని లేదయ్యా. ఎదుటివాళ్ళ బలాన్నే మనం వాడుకోవాలి. అదే కిటుకు."

ఆ కిటుకు పట్టుకుని ఇంటికొచ్చి చిన్నంనాయుడు తలబాదుకున్నాడు. "ఏమే, ఇన్నాళ్ళూ గుడ్లూ పాలూ తప్పు నోట్లో పోశాం! మనం వాడుకునేది లాస్య బలమట. అది చాలకపోతే మన పిల్ల దేంతో గెలుస్తుంది?"

ఎర్రయ్యమ్మ ముక్కుమీద వేలేసుకుంది. "అయ్యో! మొన్న చూశానండీ, ఆ పిల్ల కూడా అంత పుష్టిగా ఏం లేదు."

"నా భయమూ అదే."

అంతే! మర్నాటి నుంచి క్యారేజీ లాస్య వాళ్ళింటికి నడిచింది. పొద్దున్న నాలుగు ఉడకబెట్టిన గుడ్లు, మధ్యాహ్నం నెయ్యేసిన పప్పన్నం, సాయంత్రం సున్నుండలు. లాస్య వాళ్ళమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. "పోటీకి దిగే పిల్లమీద ఇంత ప్రేమా! మీలాంటి వాళ్ళుండబట్టే వానలు పడుతున్నాయమ్మా."

"బాగా తినిపించు తల్లీ, అంతా మా పిల్లకే పనికొస్తుంది" అంది పోలమ్మ. లాస్య వాళ్ళమ్మకి ఆ మాట అర్థం కాలేదు. కానీ సున్నుండలు బాగున్నాయి.

ఇంట్లో హైమకి చారన్నం. "నాన్నా, ఒక్క సున్నుండ" అని చెయ్యి చాపింది ఓసారి.

"తప్పమ్మా! నువ్వు తింటే నీకు బలమొస్తుంది. ఆ బలం ఏం చేసుకుంటావు?"

ఆదివారం వచ్చింది. పోటీకి ముందు కూడా పోలమ్మ లాస్యని పక్కకి పిలిచి అరడజను సున్నుండలు తినిపించి, "కడుపు నిండిందా, ఇక వెళ్ళి గట్టిగా పట్టుకో" అని దీవించింది.

ఈల వెయ్యగానే లాస్య రొప్పుతూ మీదికొచ్చింది. చారు నీరసానికి హైమకి కళ్ళు తిరుగుతున్నాయి. పిల్ల లాస్య చొక్కా పట్టుకుని, ఇంటిల్లిపాదితో కలిసి నేర్చుకున్న ఒకే ఒక్క పని చేసింది. వెల్లకిలా పడింది. పట్టు మాత్రం వదల్లేదు, కాలు లాస్య పొట్టకి ఆనింది. తోసుకొస్తున్న లాస్య, తిన్న సున్నుండలతో సహా, హైమ తలమీంచి గిరికీ కొట్టి అవతల దబ్బున వీపుమీద పడింది. జూడోలో ఎదుటివాళ్ళని వీపుమీద పడేస్తే ఆట అక్కడితో సరి.

మాస్టారు నోరు తెరిచాడు. పెద్దపిల్లలకి కూడా రాని పట్టు అది! చిన్నంనాయుడు ఏడ్చేశాడు. "వాడుకుందిరా నా తల్లి, బలమంతా వాడుకుంది!"

"ఇద్దరూ మొదలుపెట్టిన చోటికి వెళ్ళి, చేతులు పక్కన పెట్టుకుని నించోండి. నేనొచ్చి గెలిచినవాళ్ళ చెయ్యి పైకెత్తుతాను. అప్పటిదాకా కదిలితే బెల్టు లేదు!" అని గట్టిగా చెప్పి, మాస్టారు లాస్య వైపు పరుగెత్తాడు. పాపం, ఆ పిల్లకి సున్నుండలు బయటికొచ్చేస్తున్నాయి.

"ఎక్కడే మొదలుపెట్టాం?" అన్నాడు చిన్నంనాయుడు.

"ఆ గీత దగ్గర నాన్నా" అంది హైమ.

"పిచ్చిదానా, గీత దగ్గరికి తర్వాత కదా వచ్చాం! మొదలుపెట్టింది ఇంటి దగ్గర. దేవుడికి కొబ్బరికాయ కొట్టి మరీ మొదలుపెట్టాం" అంది పోలమ్మ.

"మరి లాస్యో?" అంది హైమ.

"ఆ పిల్ల వాళ్ళింటికి పోతుందిలే" అంది ఎర్రయ్యమ్మ.

పెద్దావిడ మాటకి తిరుగేముంది? జనం అంతా లాస్య చుట్టూ మూగి ఉండగా నలుగురూ ఇంటికొచ్చేశారు. వాకిట్లో వరసగా, చేతులు పక్కన పెట్టుకుని, బిగుసుకుని నించున్నారు.

కాసేపటికి షెడ్డులో మైకు మోగింది. రెండు వీధులూ దాటి స్పష్టంగా వినబడింది. "హైమావతి! ఎక్కడున్నా రావాలి!"

"విన్నావా, నీ పేరే!" అని పొంగిపోయింది ఎర్రయ్యమ్మ.

"వెళ్దాం నాన్నా" అంది హైమ.

"కదిలితే బెల్టు లేదన్నారు కదమ్మా."

రెండోసారి పిలిచారు. మూడోసారీ పిలిచారు. "పిల్ల లేదు కాబట్టి బెల్టు లాస్యకి ఇస్తున్నాం" అంది మైకు.

"ఓడినపిల్ల ఏడుస్తూ ఉంటుంది, ఊరుకోబెడుతున్నారు. మాస్టారిది ఎంత మంచి మనసు!" అన్నాడు చిన్నంనాయుడు.

హైమ కళ్ళమ్మట నీళ్ళు ధారలు కట్టాయి. తుడుచుకుందామంటే చెయ్యి కదపకూడదు. తండ్రి తుడుద్దామంటే ఆయనా కదపకూడదు. "అమ్మా, నువ్వైనా తుడవ్వే" అన్నాడు.

"నేనూ నించునే ఉన్నాను కదరా" అంది పోలమ్మ, మెడైనా తిప్పకుండా.

అవతల షెడ్డులో చప్పట్లు మోగాయి.

"ఊరుకో తల్లీ, ఆ చప్పట్లు నీకే" అన్నాడు చిన్నంనాయుడు. "మాస్టారు వచ్చి చెయ్యి ఎత్తడమే తరువాయి."