మూడుసార్లు చచ్చిన కుందేలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో నాటకాల పిచ్చి లేని జంతువంటూ లేదర్రా. ఏనుగు స్నానం చేస్తూ పద్యాలు పాడేది. నక్క పెళ్ళాంతో పోట్లాడినా రాగం తీసే పోట్లాడేది.

అందరిలోకీ ఎక్కువ పిచ్చి ముకుందానికి. ముకుందం ముళ్ళపంది. విన్న కథనల్లా నాటకంగా మార్చేసేవాడు. కలం కోసం వెతుక్కునే పని కూడా లేదు, వీపు మీద ముల్లొకటి పీక్కుంటే సరి.

అక్కడే ఒక తాబేలవ్వ ఉండేది. ఆమె దగ్గర వంద కథలున్నాయి. ఎవరికీ చెప్పేది కాదు. ముకుందం నెల రోజులు ఆమె చుట్టూ తిరిగాడు. దుంపలు తెచ్చిపెట్టాడు, కాళ్ళు పిసికాడు. చివరికి అవ్వ మెత్తబడి ఒక్క కథ చెప్పింది.

అడవి అంటుకున్న రోజున ఒక చిన్న కుందేలు ప్రతి బొరియ దగ్గరికీ పరుగెత్తి, పడుకున్నవాళ్ళందర్నీ లేపిందట. ఆఖరికి తనే పొగలో పడి చచ్చిపోయిందట.

"అది నన్నూ లేపిందిరా," అంది అవ్వ. "నా కళ్ళముందే పడిపోయింది. నాటకం ఆడుకో, నాకూ ఇష్టమే. కానీ అది పడ్డాక చూసేవాళ్ళ కళ్ళు తడవాలి. ఈ కథ నిలబెట్టావా, మిగతా తొంభై తొమ్మిదీ నీకే చెబుతాను."

ముకుందం సరేనని మాటిచ్చాడు. ఇక వాడి కాళ్ళు నేల మీద నిలిస్తే ఒట్టు.

కుందేలు వేషం కొండముచ్చు భూషణానికి ఇచ్చాడు. కుందేలుకి అంత తోకేమిటని అడక్కండి, మడిచి నడుముకి కట్టేశారు. తల్లి కుందేలు వేషం ఎలుగుబంటి మంగతాయారుది. ఆ ఒడ్డూ పొడుగూ చూసి మీరు నవ్వకూడదు మరి, ఆమె ఏడిస్తే రాళ్ళు కరుగుతాయి.

నాటకానికి అడవంతా వచ్చింది. అవ్వ పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి ముందు వరసకి చేరింది.

భూషణం బొరియలన్నీ తిరిగాడు. అందర్నీ లేపాడు. పొగలో తూలుతూ ఆఖరి పద్యం అందుకున్నాడు. ఆ రాగం ఎంతసేపు సాగిందంటే, అవ్వ పక్కన కూర్చున్న అడవిపంది రెండు చిలగడదుంపలు తినేసి మూడోది మొదలెట్టింది. పద్యం ముగించి భూషణం దబ్బున పడి చచ్చిపోయాడు. అవ్వ కళ్ళు తుడుచుకుంది.

అంతలో వెనకనుంచి ఏనుగు, "వన్స్ మోర్!" అని కేకేసింది.

ఆ అడవిలో అదొక ఆచారం. పద్యం నచ్చితే వన్స్ మోర్ అంటారు. అంటే పాడినవాడు మళ్ళీ పాడాలి. రాజైనా సరే, శవమైనా సరే. భూషణం పడుకునే ఒక కన్ను తెరిచి, తెర పక్కనున్న ముకుందం వంక చూశాడు. లేవమంటావా, మానమంటావా అని ఆ చూపు.

ముకుందానికి అవ్వ మాట గుర్తుంది. కానీ ఆ చప్పట్లు, ఆ ఈలలు తను రాసిన పద్యానికాయె. ఒక్కసారికేం కొంప మునగదులే అనుకుని తల ఊపేశాడు.

భూషణం లేచాడు, దుమ్ము దులుపుకున్నాడు, పాడాడు, చచ్చాడు. మళ్ళీ వన్స్ మోర్. ముకుందం మళ్ళీ తల ఊపాడు. ఈసారి భూషణం రెండు పిల్లిమొగ్గలేసి, ఏనుగుకి ప్రత్యేకంగా దణ్ణం పెట్టి మరీ చచ్చాడు.

అప్పుడు మంగతాయారు గుండెలు బాదుకుంటూ వచ్చింది. కొడుకు తల ఒళ్ళో పెట్టుకుంది.

"అందర్నీ లేపావు కదా నాయనా, నువ్వు లేవవేం? ఒక్కసారి లే నాయనా," అంది.

అలవాటైపోయిన ప్రాణం కదా, భూషణం టక్కున లేచి పద్యం అందుకున్నాడు.

ఇంకేముంది, అడవి అడవంతా పొట్ట పట్టుకుని దొర్లింది. మంగతాయారు నవ్వాపుకోలేక కొడుకు మీదే కూలబడింది. దాంతో కట్టిన తోక కాస్తా ఊడి బయటపడింది. ముకుందానికీ నవ్వాగలేదు. అవ్వ ఏదీ అని చూసేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

అవ్వ ఇంటికి బయల్దేరింది. అప్పటికి నాలుగడుగులు వేసింది. ముకుందం ఒక్క ఉరుకులో వెళ్ళి కాళ్ళ మీద పడ్డాడు. చప్పట్లకి ఒళ్ళు మరిచిపోయానన్నాడు. రేపు మళ్ళీ ఆడతామని, చచ్చినవాణ్ణి చస్తే లేవనివ్వనని బతిమాలాడు.

"రేపు వాడెంత బాగా చచ్చినా నమ్మేదెవర్రా?" అంది అవ్వ. "నా కుందేలుని తలుచుకుంటే ఇకమీదట అందరికీ నవ్వే వస్తుంది."

ముకుందం ఉండబట్టలేక మెల్లిగా అడిగాడు.

"పోనీ అవ్వా, ఎవరూ చావని కథ ఒకటి చెప్పు."

"అయితే పుట్టేవాణ్ణి మూడుసార్లు పుట్టిస్తావు," అని అవ్వ తల లోపలికి లాగేసుకుంది.

ముకుందం ఎంత పిలిచినా ఆ తల మళ్ళీ బయటికి రాలేదు. తొంభై తొమ్మిది కథలూ ఆ చిప్పలోనే ఉండిపోయాయి.

నీతి: చప్పట్లకి లొంగి ఇచ్చిన మాట తప్పితే, చప్పట్లు ఆగాక చేతిలో ఏమీ మిగలదు.