బస్సిల్లూ, ఒక్క నీటి చుక్కా

ఉప్పలరేవు ఊళ్ళో కొండబాబు ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు లెండి, వాళ్ళే అనుకునేవాళ్ళు. అన్నానికి ముందొకసారి, అన్నం తిన్నాక ఇంకోసారి.

ఆ ఇంట్లో నలుగురు. చేపల వ్యాపారం చేసే కొండబాబు, అతని భార్య నూకాలు, తమ్ముడు సూరిదేముడు, తల్లి పైడమ్మ. "మన గొప్పేటంటే, చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాం. సొంత బుర్ర కలపం" అనేది పైడమ్మ. నిజమే. ఒకసారి పోస్టుమాను సూరిదేముడికి ఉత్తరం ఇచ్చి, "ఇది మీ అన్న చేతిలోనే పెట్టు, ఇంకెక్కడా పెట్టకు" అన్నాడు. అన్న ఊళ్ళో లేడు. అంతే, సూరిదేముడు మూడు రోజులు ఆ ఉత్తరం పట్టుకునే తిన్నాడు, పట్టుకునే పడుకున్నాడు, పట్టుకునే స్నానం చేశాడు. అక్షరాలన్నీ కొట్టుకుపోయాయిగాని మాట మాత్రం నిలబెట్టాడు.

నూకాలు తండ్రి ధర్మలింగం బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక, పాత బస్సొకటి కొని, సీట్లు పీకించి, దాన్ని ఇల్లు చేశాడు. పడుకోవడానికి మంచాలు, వంటకి పొయ్యి, సింకు, చిన్న స్నానాల గది. కింద నీళ్ళ ట్యాంకు, పక్కన గీజరు. అక్కణ్ణుంచి పైపులు, పైపుల చివర నాలుగు కుళాయిలు. దాన్ని అందరూ బస్సిల్లు అనేవాళ్ళు. చలికాలంలో పొగమెట్ట కొండమీదికి మంచు చూడ్డానికి జనం వస్తారు కదా, అక్కడ బస్సిల్లు పెట్టుకుని వచ్చినవాళ్ళకి బస ఇవ్వొచ్చు. నూకాలుకి ఆ బస్సంటే ప్రాణం. కానీ ధర్మలింగానికి ఇద్దరు అల్లుళ్ళు. రెండో కూతురు అప్పుడే కిటికీలకి తెరలు కూడా కుట్టించేసుకుంది.

ధర్మలింగం బస్సు నడుపుకుంటూ వీళ్ళని కొండమీద దింపి అన్నాడు. "అల్లుడూ, ఇక్కడ రాత్రిపూట నీళ్ళు గడ్డకట్టేంత చలి. ఇవాళ ఒక్క రాత్రి బస్సు మీకు వదిలి వెళ్తున్నా. రేపు పొద్దున్నే వచ్చి చూస్తా. ఒక్క పైపు పగిలినా బస్సు నీ తోడల్లుడికి. పగలకపోతే నీకే."

చలికీ పైపు పగలడానికీ సంబంధం ఏమిటంటారా? సీసా నిండా నీళ్ళు పోసి, మూత బిగించి ఫ్రీజరులో పెట్టి మరిచిపోయారనుకోండి. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతాయి, సీసా చాలక పగిలిపోతుంది. పైపుకీ అదే గతి. అందుకే ధర్మలింగం వేళ్ళు మడిచి మడిచి చెప్పాడు.

"ట్యాంకులోవీ గీజరులోవీ నీళ్ళన్నీ వదిలెయ్యండి. బస్సులో ఒక్క చుక్క నీళ్ళు మిగలకూడదు. కుళాయిలన్నీ తెరిచి ఉంచండి. పైపులకి దుప్పట్లు చుట్టండి. సింకు కింద పైపు వంపులో ఎలాగూ కొంచెం నీళ్ళు నిలుస్తాయి, దానికి ఈ గులాబీరంగు మందు పొయ్యండి, గడ్డకట్టనివ్వదు. ఇది పైపులకి, మనుషులకి కాదు. తెలిసిందా?"

"తెలియకపోవడమేటండీ మావగారూ" అన్నాడు కొండబాబు కాస్త నొచ్చుకుని.

ధర్మలింగం బాడుగ జీపెక్కి కొండ దిగిపోయాడు. ఇంకేముంది, తెలివైనవాళ్ళు పనిలో దిగారు.

ముందు ట్యాంకుకీ గీజరుకీ కింద ఉన్న బిరడాలు తిప్పారు. ట్యాంకు ఖాళీ, గీజరు ఖాళీ. ఇంతవరకూ బాగానే ఉంది. తరవాత కుళాయిలు తెరిచారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"అన్నీ అన్నాడు కదరా మీ మావ" అంది పైడమ్మ. "అదిగో, అక్కడొకటి ఉంది."

ఆవిడ చూపించింది కొండమీది పల్లె వాళ్ళ వీధి కుళాయి. అంతే, సూరిదేముడు పరుగెత్తుకెళ్ళి దాన్నీ తెరిచాడు. నీళ్ళు ధారగా రోడ్డెక్కి లోయలోకి పోయాయి.

"చూశావా వదినా, ఎన్ని నీళ్ళున్నాయో! తియ్యకపోతే పగిలిపోయేది పాపం" అన్నాడు.

తరవాత మందు. ధర్మలింగం సింకు కింద అన్నాడా లేదా? అన్నాడు. సూరిదేముడు సింకు కింద దూరి, వెల్లకిలా పడుకుని, పైపు వంపు మీద బయటినుంచి మందంతా పోశాడు. అది కారి కారి అతని చొక్కా మీద పడింది. బయటికి వచ్చేసరికి మనిషి గులాబీరంగు.

"ఒరే, మనుషులకి కాదన్నాడురా!" అని పైడమ్మ కంగారుపడింది.

"నాకు పొయ్యలేదమ్మా. పైపుకే పోశాను. అదే నాకు పోసింది" అన్నాడు సూరిదేముడు.

తరవాత దుప్పట్లు. ఉన్నవి అయిదు. నూకాలు లెక్కపెట్టి చూసింది. "మావా, అన్నీ పైపులకి చుట్టేస్తే మనకో?"

కొండబాబు ఆలోచించాడు. ఆలోచన వచ్చినప్పుడు అతను కళ్ళు మూసుకుంటాడు. "నూకాలూ, చేపల పెట్టెలో ఐసు కరక్కుండా ఏం చేస్తాం?"

"గోనెపట్టా చుడతాం."

"అంటే చుడితే చల్లగా ఉంటుందా, వెచ్చగా ఉంటుందా?"

"చల్లగా!"

"మరి దుప్పటి చుట్టుకుంటే మనిషి ఏమవుతాడు?"

నలుగురూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇన్నేళ్ళూ చలికాలంలో దుప్పట్లు కప్పుకుని ఎంత పొరపాటు చేశామా అని పైడమ్మ నుదురు కొట్టుకుంది. అంతే, అయిదు దుప్పట్లూ పైపులకి చుట్టేశారు. చాలకపోతే పైడమ్మ శాలువా గీజరుకి కట్టారు. కొండబాబు మంకీ క్యాపు స్నానాల గది కుళాయికి తొడిగారు. అది అచ్చం ఆయనలాగే ఉందని నూకాలు మురిసిపోయింది.

"ఇంక ఒక్క చుక్క సంగతి" అన్నాడు కొండబాబు.

వెతికారు. మంచినీళ్ళ సీసా దొరికింది. మజ్జిగ చెంబు దొరికింది. సాంబారు గిన్నె, రెండు కొబ్బరి బోండాలు, ఆరు టమాటాలు. అన్నిట్లోనూ నీళ్ళే! ఆవకాయ మాత్రం నూనె కాబట్టి ఉండనిచ్చారు. పారబోస్తే పాపం కదా, అందుకని నలుగురూ కూర్చుని అన్నీ తాగేశారు, తినేశారు. సూరిదేముడు పొట్ట నిమురుకుంటూ, "అమ్మయ్య, బస్సులో చుక్క లేదు" అన్నాడు.

పైడమ్మ వాడి పొట్టకేసి చూసింది.

"ఒరే, నువ్వు తాగిన మజ్జిగ ఎక్కడుంది?"

"కడుపులో."

"కడుపెక్కడుంది?"

సూరిదేముడి మొహం పాలిపోయింది. "బస్సులో!"

ఇంకేముంది, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ నలుగురూ కిందికి దూకారు. కొండబాబు బస్సు తలుపు వేసి, తాళం వేసి, తాళం లాగి చూశాడు. "గండం గడిచింది" అన్నాడు.

నూకాలుకి ఏడుపొచ్చింది. "వదినా, కాస్త దూరంగా వచ్చి ఏడు. కన్నీళ్ళు బస్సుకి తగుల్తాయి" అన్నాడు సూరిదేముడు.

చలి పెరిగింది. పల్లెవాళ్ళు పోగేసిన ఎండుపుల్లలు కొన్ని దొరికితే మంట వేసుకుని దాని చుట్టూ కూర్చున్నారు. పళ్ళు టకటకలాడుతున్నాయి. అప్పుడు కొండబాబుకి ఇంకో ఆలోచన వచ్చింది. కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మా, నీళ్ళు గడ్డకడితే పైపు పగుల్తుంది. మనలోనూ నీళ్ళున్నాయి. మనమూ పగుల్తామా?"

అందరూ గొల్లున ఏడవబోయారు. ఇంతలో సూరిదేముడి ముక్కు కారడం మొదలైంది. తరవాత నూకాలుది. తరవాత కొండబాబుది. పైడమ్మ మొహం వెలిగిపోయింది.

"భయం లేదురా! మన కుళాయిలు వాటంతట అవే తెరుచుకున్నాయి. ఎవరూ తుడుచుకోకండి!"

అలా తెల్లారింది.

పొద్దున్నే ధర్మలింగం జీపు దిగాడు. చేతిలో ఫ్లాస్కు నిండా టీ. చూస్తే ఏముంది? బస్సుకి తాళం. బయట బూడిద చుట్టూ ముక్కులు కార్చుకుంటూ కూతురూ, అల్లుడూ, వియ్యపురాలూ, గులాబీరంగు మనిషొకడూ. వాళ్ళ చుట్టూ ఖాళీ బిందెలతో పల్లె ఆడవాళ్ళు.

"మా ట్యాంకులో నీళ్ళన్నీ లోయలో పోశారు! సాయంత్రందాకా మేమేం తాగాలి?" అని ఒకావిడ బిందె ఎత్తింది.

"మీ పైపు పగలకుండా కాపాడాం కదా అక్కా" అంది నూకాలు.

ధర్మలింగం పల్లెవాళ్ళకి దండం పెట్టి, జీపులో రెండు విడతలు కింద ఊరినుంచి నీళ్ళు తెప్పించి వాళ్ళని పంపాడు. తరవాత అల్లుడి దగ్గర తాళంచెవి తీసుకుని, తాళం తీసి లోపలికెళ్ళాడు. మంకీ క్యాపు పెట్టుకున్న కుళాయి ఎదురైంది. దుప్పట్లు విప్పి ప్రతి పైపూ తడిమాడు, మళ్ళీ చుట్టాడు. ఒక్కటీ పగల్లేదు. సింకు కిందది కూడా, దేవుడి దయవల్ల.

"అయినా ఈ బస్సు మీకిస్తే..." అని మొదలుపెట్టాడు.

"అన్నయ్యగారూ, పైపు పగిలితే తోడల్లుడికి అన్నారు. పగిలిందా?" అంది పైడమ్మ.

"లేదు."

"మరి?"

ధర్మలింగం కూతురి మొహం చూశాడు. ముక్కు ఎర్రగా, కళ్ళు ఆశగా. మాటంటే మాటే. తాళంచెవి నూకాలు చేతిలో పెట్టాడు. నూకాలు బస్సుకి దూరంగా పరుగెత్తి సంతోషంతో ఏడ్చి వచ్చింది.

ధర్మలింగం వాళ్ళని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. "నీళ్ళు మిగలకూడదంటే ట్యాంకులో, పైపుల్లో. మీ కడుపులోవి కాదు. మీరు నలుగురూ హాయిగా లోపలే పడుకోవచ్చు. సాయంత్రం బసకి ఒక టీచరమ్మా, ఆవిడ భర్తా వస్తారు. పొయ్యిమీద వేడినీళ్ళు కాచిచ్చి, మర్యాదగా చూసుకోండి. నేనూ ఇవాళ ఇక్కడే ఉంటాను."

"మా కడుపులోవి కాదు. తెలిసింది" అని నలుగురూ తలలూపారు.

సాయంత్రమైంది. చలి మొదలైంది. ధర్మలింగం బస్సులో కూర్చుని, ఫ్లాస్కులో మిగిలిన టీ కప్పులో పోసుకుని, రెండు గుక్కలు తాగాడు. కొండబాబు కళ్ళు మూసుకున్నాడు. అంతే! నలుగురూ నాలుగు పక్కల పట్టుకుని ఆయన్ని కుర్చీతో సహా లేపి, కిందికి దించి, బయట మళ్ళీ మంట వేసి దాని పక్కన పెట్టారు.

"ఒరే, చెప్పాను కదరా! కడుపులోవి కాదని!"

"మా కడుపులోవి కాదన్నారు మావగారూ. మీ కడుపు సంగతి చెప్పలేదు" అని కొండబాబు, నలుగురూ బస్సెక్కాక తలుపు వేసి లోపల గడియ పెట్టాడు.

ఆయన తలుపు బాదాడు. లోపల గురకలు వినిపించాయి. ముందురోజు రాత్రి నిద్ర లేదు కదా పాపం వాళ్ళకి.

ఇంతలో జీపొకటి ఆగింది. టీచరమ్మా, ఆవిడ భర్తా సూట్‌కేసులతో దిగి తలుపు తట్టారు. నూకాలు లేచి కిటికీ తీసి తల బయటపెట్టి, ఎంతో మర్యాదగా, "రండి రండి, మీకోసమే చూస్తున్నాం. ఇవాళ నీళ్ళేమైనా తాగారా అండీ?" అని అడిగింది.

"దారిలో తాగామమ్మా."

"అయ్యో!" అని నూకాలు చాప ఒకటి కిటికీలోంచి కిందికి వేసి, కిటికీ మూసేసింది.

టీచరమ్మ చాప వైపు చూసింది, మంట వైపు చూసింది, కుర్చీలో వణుకుతున్న పెద్దాయన వైపు చూసింది.

"మీరెవరండీ?"

"పొద్దుటిదాకా ఈ బస్సు నాదేనమ్మా" అన్నాడు ధర్మలింగం, వాళ్ళకి మంట దగ్గర చోటిస్తూ పక్కకి జరిగి.

"మరి బయటెందుకు కూర్చున్నారు?"

"టీ తాగాను."